ముళ్ల అక్షరాల్లో ఆరు వరుసలు

ఆగస్టు 5, సోమవారం

కొలతల పుస్తకం వెనక పేజీల నుంచి మొదలుపెడుతున్నాను. ముందు పేజీల్లో గోడల కొలతలు, వెనక పేజీల్లో నా కోపం. మధ్యలో ఎక్కడో రెండూ ఎదురుపడేలోగా ఈ టర్ము అయిపోవాలి.

ఇవాళ యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా నన్ను సర్టిఫికెట్ అడిగాడు. నోటీసు బోర్డు మీద అంత పెద్ద కాగితం అంటించింది వీళ్లే. విదేశీ భాష ఏదైనా వచ్చిన విద్యార్థులు తమ సబ్జెక్టులోనే కాదు, ఏ సబ్జెక్టులోనైనా సరే, ఆ భాషలో ఉన్న పాత పుస్తకాలూ రిపోర్టులూ చదివి క్లాసుకు చెప్పవచ్చట. వారానికి ఒక గంట. దాని పేరు భాషా గంట. నాకు జర్మన్ వచ్చు. పేరు రాయించుకోవడానికి వెళ్లాను.

"ఏ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నారు?" అన్నాడు.

"ఇంట్లో."

"ఎవరి దగ్గర?"

చంకలోంచి తీసి బల్ల మీద పెట్టాను. నా జర్మన్ గ్రంథం. పద్దెనిమిదేళ్ల కిందట ఒక పాత బంగ్లా గోడ పగలగొడుతుంటే లోపలి అలమరలో దొరికింది. అక్షరం ముక్క అర్థం కాలేదు. కానీ ప్రతి పేజీలో అధ్యాయాల అంకెలు, వరుసల అంకెలు చూడగానే ఇది ఏ గ్రంథమో నాకు తెలిసిపోయింది. మన తెలుగు గ్రంథం ఎడమ పక్కన, ఇది కుడి పక్కన. అంకె పట్టుకుని అంకె, వరుస పట్టుకుని వరుస. గోడ కట్టినట్టే కట్టాను ఆ భాషని. గురువు లేడు, ఫీజు లేదు, బెల్లు లేదు.

గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి స్టాంపు లేదు మేస్త్రి గారూ."

"నీ స్టాంపు తడిస్తే పోతుంది. ఇది గోడలో ఉండి కూడా పోలేదు."

వెనక లైనులో పిల్లలు నవ్వారు. నవ్వనీ. యాభై మూడేళ్లవాడు బి.ఏ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతుంటే నవ్వకుండా ఎవరుంటారు. పొద్దున క్లాసు, మధ్యాహ్నం తాపీ, ఆదివారం ప్రార్థన షెడ్డులో వాక్యం చెప్పడం. ఇది నా బతుకు. ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

గొడవ విని భాషా గంట నడిపే మేడమ్ వచ్చింది. మా అమ్మాయి ఉండి ఉంటే ఆ వయసే. గ్రంథం తెరిచి ఒక పేజీ చూసి, "నాకు భాష వచ్చండీ, ఈ పాత అక్షరాలు రావు. మీరు చదవండి" అంది. చదివాను. కారిడార్ అంతా వినబడేలా చదివాను.

ఆ అక్షరాలు చూడ్డానికి ముళ్లకంప పరిచినట్టుంటాయి. నేను వాటి మీద చెప్పుల్లేకుండా నడవడం నేర్చుకున్నవాణ్ణి.

ఒకటి మాత్రం ఆశ్చర్యం. ప్రొఫెసర్ అయ్యుండి, గుమాస్తా ముందు, పిల్లల ముందు, "నాకు రావు" అని ఎంత తేలిగ్గా అనేసింది! పద్దెనిమిదేళ్లుగా బోధిస్తున్నాను, ఆ మాట నా నోట ఒక్కసారి రాలేదు. రానివ్వను కూడా.

ఆగస్టు 6

కమిటీ తీర్పు. సర్టిఫికెట్ లేనివాడు మూడు వేర్వేరు సబ్జెక్టుల్లో మూడు సార్లు చదివి చూపించాలి. ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లు సంతకం పెట్టాలి. అప్పటిదాకా జాబితాలో పేరు పెన్సిల్‌తోనే ఉంటుంది, ఒక్కటి తప్పినా కొట్టేస్తారు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి ఈ పరీక్ష లేదు.

మూడు కాదు, ముప్పై పెట్టుకోండి.

ఆగస్టు 14, బుధవారం

మొదటిది నర్సింగ్ క్లాసు. నూరేళ్ల కిందటి జర్మన్ నర్సు ఒకావిడ రాసిన సూచనలు, పుళ్లు ఎలా శుభ్రం చేయాలో, రోగిని ఎప్పుడు విడిగా ఉంచాలో. పేజీ చూడగానే నాకు నవ్వొచ్చింది. చర్మం, మచ్చ, చీము, ఏడు రోజులు దూరంగా పెట్టడం, బట్టలు ఉతకడం... అన్నీ నా గ్రంథంలో ఉన్నవే. ఏ మాట చూసినా ముందు దాని అధ్యాయం, వరుస నంబరు కళ్ల ముందుకొస్తుంది, ఆ తర్వాత అర్థం వస్తుంది. నా బుర్రలో ఉన్న నిఘంటువు అది.

చదివాను. తర్వాత మన మాటల్లో చెప్పాను. నలభై మంది ఆడపిల్లలు నోట్సు రాసుకున్నారు. చివర్లో ఒక పిల్ల చెయ్యెత్తింది. భాషా గంటలో నాతో పాటే ఉన్న పిల్ల, మూడు సర్టిఫికెట్లు ఉన్నది. ప్రతి మాటకీ ఫోన్‌లో డిక్షనరీ తెరుస్తుంది. నేను ఆ పిల్లకి నిఘంటువు అని పేరు పెట్టాను.

"బాబాయ్ గారూ, ఆవిడ 'కట్టు మార్చండి' అని మామూలుగా రాసింది. మీరు చదువుతుంటే పేషెంట్‌ని శపిస్తున్నట్టుంది."

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. "అమ్మా, నాకు ఈ భాష నేర్పింది ప్రవక్తలు. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి నేర్పి ఉంటే మెల్లగా చదివేవాణ్ణి."

నర్సింగ్ మేడమ్ సంతకం పెట్టింది. ఒకటి అయింది.

అప్పటి నుంచి కాలేజీలో నా పేరు ప్రవక్త గారు.

ఆగస్టు 29

రెండోది వ్యవసాయం. ద్రాక్ష తీగలకు పట్టే తెగులు. తోటలు, కొమ్మలు కత్తిరించడం, కలుపు, ఎండిపోయినవాటిని తగలబెట్టడం. ఇక చెప్పాలా! సార్ మధ్యలోనే సంతకం పెట్టేశాడు.

సెప్టెంబర్ 1, ఆదివారం

ప్రార్థన కూడికలో చెప్పాను. "యూనివర్సిటీలో ఎన్ని బిల్డింగులున్నాయో అన్నీ ఈ ఒక్క పుస్తకంలో ఉన్నాయి. వైద్యం ఉంది, సేద్యం ఉంది, న్యాయం ఉంది, కట్టడం ఉంది. వాళ్లు ఒక్కో గదికి ఒక్కో తాళం వేసుకున్నారు. నా దగ్గర ఉన్నది అన్నిటికీ పట్టే తాళంచెవి." షెడ్డు రేకులు అదిరాయి. ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు.

కూడిక అయ్యాక సంఘం పెద్ద నా భుజం తట్టాడు. "తమ్ముడూ, అప్పుడెప్పుడో పెద్ద సభలో నిన్ను చదువులేనివాడని మైకు దగ్గర నుంచి దించేశారే, వాళ్లందర్నీ పిలిచి చూపించాలనుంది."

పదమూడేళ్లయింది. మైకు తీగ నా కాలికి చుట్టుకుంటే అది విప్పుకుని దిగాల్సి వచ్చింది. ఆ తీగ విప్పుకోవడానికి పట్టినంత సేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడి నుంచి మాత్రం దిగను.

సెప్టెంబర్ 9, సోమవారం

మూడోది సివిల్ ఇంజనీరింగ్. దేవుడు కావాలనే నాకు ఇది చివర పెట్టాడు. గోడ గురించి నాకు చెప్పేవాడెవడు!

ఊరి పైన ఉన్న పాత రిజర్వాయర్ గోడని కట్టింది ఒక జర్మన్ ఇంజనీరు. ఆయన అచ్చు వేయించిన రిపోర్టు ఒక్క ప్రతి లైబ్రరీలో పడి ఉంది. నూట పన్నెండు పేజీలు. ముళ్ల అక్షరాలు. ఇన్నేళ్లూ ఎవరూ చదవలేకపోయారు. మునిసిపాలిటీ వాళ్లు ఇప్పుడు నీటిమట్టం నాలుగడుగులు పెంచుదామనుకుంటున్నారు, సివిల్ సార్‌ని అభిప్రాయం అడిగారు. ఆయన కుర్రవాళ్లతో ప్రాజెక్టు చేయిస్తున్నాడు.

"పునాది గురించి ఆయనేం రాశాడో ముందు తెలియాలండీ. నలభై పేజీల నుంచి అరవై దాకా చూసి చెప్పండి చాలు" అన్నాడు. మంచివాడు. నన్ను గారు అంటాడు.

ఆ గోడ ఎడమ గట్టు కిందే మా వీధి. నలభై ఇళ్లు, చివర మా ప్రార్థన షెడ్డు. అంటే నేను చదవబోయేది మా ఇంటి మీద ఉన్న నీళ్ల సంగతి. ఎంత చక్కగా కుదిరింది!

సెప్టెంబర్ 16

రెండు సైట్లలో పని. యాభై రెండో పేజీ దాకా వచ్చాను. మిగతాది సభలోనే చూసుకోవచ్చు. గ్రంథం తెలిసినవాడికి రిహార్సల్ ఎందుకు.

సెప్టెంబర్ 18, బుధవారం

గెలిచాను!

పెద్ద హాలు. సివిల్ కుర్రవాళ్లు, నర్సింగ్ పిల్లలు, వ్యవసాయం వాళ్లు, మేడమ్, నిఘంటువు, మునిసిపాలిటీ నుంచి ఒక ఇంజనీరు. వెనక బెంచీలో మా ఆవిడ కూడా. ఎప్పుడూ రానిది, "మీ యుద్ధం ఒకసారి చూస్తానుండండి" అని వచ్చింది.

రాళ్లు, సున్నం, మూర, అడుగు, మూలరాయి, పునాది. నా భాష, నా పని, నా ఊరు. ఒక్కో పేరా ముందు జర్మన్‌లో చదవడం, తర్వాత తెలుగులో చెప్పడం. పెన్నులు పరుగెత్తడం నాకు వినబడుతోంది. యాభై ఎనిమిదో పేజీలో ఒక పట్టిక, దాని కింద చిన్న అక్షరాలతో ఆరు వరుసలు. గోడ ఎడమ భుజం, అంటే ఎడమ గట్టుకు ఆనుకున్న చివర గురించి. అక్కడ కొంచెం కొత్త మాటలు తగిలాయి. అందరూ చూస్తున్నారు. ఆగలేదు. అంతకు ముందు చెప్పినదాని ధోరణిలోనే చెప్పాను. "కుడి నుంచి ఎడమ దాకా ఈ గోడ కదలని బండ మీద నిలబడి ఉంది!" అన్నాను. చప్పట్లు. సివిల్ సార్ లేచి నిలబడి కొట్టాడు.

మూడో సంతకం. నా పేరు జాబితాలో ఇక పెన్సిల్‌తో ఉండదు.

సెప్టెంబర్ 19

ఆ ఆరు వరుసలు ముఖ్యమైనవి కావు. పట్టిక కింద వేసే చిన్న అక్షరాలు. ముఖ్యమైతే పెద్ద అక్షరాల్లో వేసేవాడు.

సెప్టెంబర్ 20

ముఖ్యమైతే పెద్ద అక్షరాల్లో వేసేవాడు. అంత జాగ్రత్త గల మనిషి.

సెప్టెంబర్ 22, ఆదివారం

కూడిక నుంచి నడిచి వస్తుంటే మా ఆవిడ అడిగింది.

"మొన్న హాల్లో చదువుతూ చదువుతూ మధ్యలో ఏం మరిచిపోయారు?"

"ఏమీ మరిచిపోలేదు."

"మరి గొంతెందుకు పెంచారు?"

"నీకు జర్మన్ వచ్చా?"

"జర్మన్ రాదు. మీరు వచ్చు." నడక ఆపలేదు. "వాక్యం చెప్తూ చెప్తూ వచనం గుర్తు రాకపోతే మీరు ఒక గొంతు పెడతారు చూశారా, ఎడం చెయ్యి పైకి లేపి. అదే గొంతు. అదే చెయ్యి. పద్దెనిమిదేళ్లుగా వింటున్నాను, నాకు తెలీదా? ఏ భాషైతే ఏంటి."

"నీకు చెవి పెద్దదైంది."

"మీకు గొంతు పెద్దదైతే నాకు చెవి పెద్దదవకుండా ఎలా ఉంటుంది?"

ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. నేను. తను మాట్లాడుతూనే ఉంది, వేరే సంగతులు.

సెప్టెంబర్ 23

నేను చెయ్యి పైకి లేపను.

సెప్టెంబర్ 24

ఇవాళ సైటులో కూలీకి ఇటుకల లెక్క చెప్తూ మరిచిపోయి, చెయ్యి లేపాను.

సెప్టెంబర్ 25, బుధవారం

లైబ్రరీ. మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చున్నాను. యాభై ఎనిమిదో పేజీ. కుడి పక్క రిపోర్టు, ఎడమ పక్క గ్రంథం. పద్దెనిమిదేళ్ల కిందట ఎలా మొదలుపెట్టానో అలాగే, వేలు పెట్టి, ఒక్కో మాట.

ఎడమ. ఉంది గ్రంథంలో.

తవ్వితిమి. ఉంది.

బండ. ఉంది. ఎన్ని సార్లో ఉంది.

దొరకలేదు. ఉంది.

ఇసుక.

ఇసుక ఉంది. చాలా చోట్ల ఉంది. అధ్యాయాలు, వరుసలు అన్నీ వచ్చి నా ముందు నిలబడ్డాయి. ఒక్కటి కూడా నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు ఆడుకున్న ఇసుకంత తెలిసిన మాట. ఆ రోజు హాల్లో కూడా తెలిసిన మాటే. ముందున్న ఒక కొత్త మాట దగ్గర కాలు జారి, ఆగాలంటే సిగ్గేసి, మిగతా వాటి వైపు చూడనేలేదు.

రెండు మాటలే నిజంగా తెలియవు. ఒకటి మొదటి వరుసలో, ఒకటి ఐదో వరుసలో. గ్రంథంలో లేవు. ఆది నుంచి అంతం దాకా వెతికాను. లేవు.

లేవని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. అన్ని గదులకీ పట్టే తాళంచెవి అన్నాను.

సెప్టెంబర్ 26

నిఘంటువు క్యాంటీన్‌లో టీ తాగుతోంది. ఎదురుగా కూర్చున్నాను. కాగితం మీద ఆ రెండు మాటలూ మామూలు అక్షరాల్లో మార్చి రాసి దాని ముందుకు జరిపాను.

"ఏంటి బాబాయ్ గారూ?"

"చూసి చెప్పు."

"మీకు తెలియకనా?"

నేను గోడ కేసి చూశాను. పెచ్చులు ఊడుతున్నాయి, పూత సరిగ్గా వెయ్యలేదెవరో.

ఆ పిల్ల గడుసుది. ఇంకేమీ అడగకుండా ఫోన్ తెరిచింది. "మొదటిది, నేల పరీక్షించడానికి లోతుగా వేసే సన్నటి గొయ్యి. రెండోది..." తెర పైకి జరిపింది. "నీళ్లు లోపల్లోపల నుంచి ఊరి బయటికి రావడం. గోడ కింద నుంచి. దీనికి మనకి మంచి మాటేదో ఉండాలి."

"ఊట."

"ఆఁ, ఊట. ఎంత చిన్న మాట!" తర్వాత నెమ్మదిగా, "బాబాయ్ గారూ, ఇది ఆ రిపోర్టులోదేనా?" అంది.

ఆరు వరుసలు ఇవి. నా మాట ఒక్కటి కూడా కలపకుండా రాస్తున్నాను:

ఎడమ భుజం దగ్గర మూడు చోట్ల సన్నటి గోతులు తవ్వితిమి. ముప్పై ఎనిమిది అడుగుల దాకా పోయినా బండ దొరకలేదు. ఇసుక. కాలం చాలక గోడను దాని మీదనే నిలిపితిమి. వర్షాకాలంలో ఊట కనబడినది. రాతిపై చెక్కిన గుర్తు దాటి నీరు నిలపరాదు. నిలిపిన పక్షంలో ఏమగునో నాకు తెలియదు.

నాకు తెలియదు అని రాశాడు. గోడ కట్టినవాడు! అచ్చులో!

సెప్టెంబర్ 27, శుక్రవారం

పొద్దున్నే ఎడమ గట్టుకి వెళ్లాను. రసమట్టం లాంటి పనిముట్లేవీ అక్కర్లేదు, ఉత్త చెయ్యి చాలు. రాళ్ల సందుల్లో సున్నం మెత్తబడి వేలికి వస్తోంది. అడుగున నాచు ఒక గీత గీసినట్టుంది. గత నెలరోజులుగా వాన లేదు. మట్టి పిసికితే ముద్దయింది. ఈ గోడ పక్క నుంచి నేను రోజూ సైకిల్ మీద పోతాను. ఈ తడి నా చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వచ్చింది ఎన్నిసార్లో. మా ఆవిడ తుడిచింది ఎన్నిసార్లో.

చెక్కిన గుర్తు కూడా ఉంది. గడ్డి తొలగిస్తే కనబడింది. నీళ్లు ఇప్పటికే దానికి జానెడు కిందున్నాయి. నాలుగడుగులు పెంచుతారట. నేను చప్పట్లు కొట్టించుకున్నది అందుకు.

సెప్టెంబర్ 28

సంఘం పెద్దకి చెప్పాను. తల పట్టుకున్నాడు.

"తమ్ముడూ, చెప్పాల్సింది చెప్పు, కానీ నువ్వు తప్పు చదివానని అనకు. పాత పుస్తకం, అచ్చు చెరిగిపోయింది, ఇప్పుడు భూతద్దం పెట్టి చూస్తే కనబడింది అను. అబద్ధం కాదు కదా, అక్షరాలు చిన్నవే కదా."

"అచ్చు శుభ్రంగా ఉంది అన్నా."

"నీ పేరు పోతే సంఘం పేరు పోతుంది. అప్పుడు మైకు దగ్గర్నుంచి నిన్ను దించినవాళ్లు ఏమంటారో ఆలోచించావా?"

ఆలోచించాను. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను, నలభై ఇళ్ల గురించి కాదు. అది కూడా ఇక్కడ రాయాలి.

సెప్టెంబర్ 30

రోజంతా సైటులో సున్నం కలిపాను.

అక్టోబర్ 1, మంగళవారం

సివిల్ డిపార్టుమెంటులో మీటింగు. మునిసిపాలిటీ ఇంజనీరు, సివిల్ సార్, మేడమ్, ఇద్దరు కమిటీ వాళ్లు. ప్రాజెక్టు రిపోర్టు టైపై బల్ల మీద ఉంది. మొదటి పేజీలో నా మాట, కోట్సులో. కదలని బండ. నా పేరు పక్కన "అనువాదం" అని. నా పేరు అచ్చులో చూడ్డం అదే మొదటిసారి. చక్కగా ఉంది.

పిలవకుండానే వెళ్లి నిలబడ్డాను.

"ఆ పేజీ చించెయ్యండి" అన్నాను.

"ఏమైందండీ?" అన్నాడు సివిల్ సార్.

"యాభై ఎనిమిదో పేజీలో ఆరు వరుసలు నేను చదవలేదు. అర్థం కాలేదు. చదివినట్టు నటించాను. అక్కడ బండ లేదు, ఇసుక ఉంది. ఊట ఉంది. ఇదిగో ఆరు వరుసలు. ఇదిగో రిపోర్టు. నేను చెప్పానని నమ్మొద్దు, భాషా గంటలో మూడు సర్టిఫికెట్లున్న అమ్మాయిని పిలిపించి చదివించండి, అక్షరాలు నేను మార్చి ఇస్తాను."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం నాకు పాత స్నేహితుడే. మైకు తీగ విప్పుకుంటున్నప్పటిది.

మునిసిపాలిటీ ఆయన చిరాకుపడ్డాడు. "ఏంటండీ ఇది? వచ్చే వారం పని మొదలుపెట్టాలి. అప్పుడు బండన్నారు, ఇప్పుడు ఇసుకంటున్నారు, రేపు ఇంకేమంటారు?"

"రేపు కూడా ఇసుకే అంటాను. గోడ దగ్గరికి రండి, చెయ్యి పెట్టి చూపిస్తాను. మీకు ఏ భాషా అక్కర్లేదు, చెయ్యి ఉంటే చాలు."

కమిటీలో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటే మూడో రీడింగు చెల్లదు. రూలు ప్రకారం మీ పేరు తీసెయ్యాలి. ఆ సంగతి మీకు తెలిసే చెప్తున్నారా?"

"రూలు రాసింది మీరు, తప్పింది నేను. తీసెయ్యండి. కానీ ఒకటి వినండి. నేను తప్పింది సర్టిఫికెట్ లేక కాదు. ఆ భాష రాక కాదు. ఆ ఆరు వరుసల్లో నాలుగున్నర నాకు పుట్టినప్పటి నుంచి వచ్చినట్టు వచ్చు. తప్పింది ఆగడం రాక. అది ఏ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పుతారో చెప్పండి, రేపే చేరతాను."

గొంతు పెరిగింది. ఎడం చెయ్యి మాత్రం జేబులో పెట్టుకుని ఉన్నాను.

మేడమ్ ఆ ఆరు వరుసలూ తీసుకుని రెండుసార్లు చదువుకుంది. తర్వాత మునిసిపాలిటీ ఆయన వైపు జరిపింది. "చివరి వాక్యం చూడండి సార్" అంది. అంతే అంది.

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. "మూడు గోతులు తవ్వించి చూద్దాం ముందు" అన్నాడు, ఎవరితోనో కోపంగా.

అక్టోబర్ 3

జాబితా కొత్తది అంటించారు. నా పేరు లేదు. పదిహేడు మందికి బదులు పదహారు.

నోటీసు బోర్డు మేకు వదులుగా ఉంటే చేత్తో గట్టిగా నొక్కి వచ్చాను.

అక్టోబర్ 6, ఆదివారం

కూడికలో చెప్పేశాను. షెడ్డు నిండా జనం, సంఘం పెద్ద తల దించుకుని కూర్చున్నాడు. హాల్లో ఏం చేశానో చెప్పాను. అంతటితో ఆపుదామనుకున్నాను, ఆగలేదు. "యూనివర్సిటీలోనే కాదు, ఇక్కడ కూడా చేశాను. వచనం గుర్తు రానప్పుడు గొంతు పెంచి దాటేశాను. పద్దెనిమిదేళ్లుగా చేశాను" అన్నాను.

రాళ్లు పడతాయనుకున్నాను. ముందు వరుసలో కూర్చునే ముసలమ్మ, కళ్లు సరిగ్గా కనబడనిది, నవ్వింది. పళ్లు లేని నవ్వు.

"మాకు తెలుసు నాయనా."

"ఏం తెలుసు?"

"నువ్వు అరిచావంటే అక్కడేదో తప్పిపోయిందని. మా మనవరాలు గబగబా గ్రంథం తిప్పి నా చెవిలో చదువుతుంది. అలా చాలా నేర్చుకున్నాన్లే."

షెడ్డంతా నవ్వింది. సంఘం పెద్ద కూడా. అంటే అందరికీ! పద్దెనిమిదేళ్లుగా నేను చెయ్యి లేపినప్పుడల్లా ఈ రేకుల కింద పేజీల చప్పుడు వినబడేది. భక్తితో తిప్పుతున్నారనుకున్నాను.

కోపం రావాలి. వచ్చింది కూడా. ఇంటికొచ్చేలోగా ఎక్కడో జారిపోయింది.

అక్టోబర్ 8

ఎడమ గట్టు దగ్గర మొదటి గొయ్యి. ఇరవై రెండు అడుగులు. ఇసుక.

అక్టోబర్ 9, బుధవారం

భాషా గంటకి వెళ్లాను. జాబితాలో పేరు లేనివాడు వెళ్లకూడదని ఏ నోటీసులోనూ లేదు, చదివి చూసుకున్నాను. వెనక బెంచీలో కూర్చున్నాను, పక్కన మా ఆవిడ. "మళ్లీ యుద్ధమా?" అంటూనే వచ్చింది.

గుమాస్తా తలుపు దగ్గర ఆగాడు. "మేస్త్రి గారూ, మీ పేరు లేదు కదా?"

"పేరు లేదు. మనిషున్నాడు. లేపగలిగితే లేపు."

అతను మేడమ్ వైపు చూశాడు. మేడమ్ కిటికీ వైపు చూసింది. వెళ్లిపోయాడు.

సివిల్ సార్ చేతిలో ఆ రిపోర్టు. "అరవై తర్వాత ఇంకా యాభై రెండు పేజీలున్నాయండీ. తూము గురించి ఏదో ఉందట. ఇక్కడ ఈ అక్షరాలు చదవగలిగినవాళ్లు ఇంకెవరూ లేరు" అన్నాడు, నా వైపు కాకుండా పుస్తకం వైపు చూస్తూ.

"సంతకం దొరకదు" అన్నాను.

"దొరకదండీ."

"క్రెడిట్ రాదు."

"రాదండీ. వచ్చే టర్ములో మళ్లీ మొదటి నుంచి మూడు చదవాలి."

"ఇటివ్వండి."

అరవై ఒకటో పేజీ. నిలబడి చదివాను. నిఘంటువు పక్కనే ఫోన్ పట్టుకుని కూర్చుంది. రాళ్లు, తలుపు, ఇనుము, తొట్టి, అన్నీ తెలిసిన దారే. మూడో పేరా మధ్యలో ఒక మాట. పొడుగ్గా, ముళ్లుముళ్లుగా. ఇంతకు ముందు ఎక్కడా చూడలేదు. అధ్యాయం రాలేదు, వరుస రాలేదు. పదిహేను మంది పెన్నులు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు.

ఛాతీలోంచి గొంతు లేవడం నాకే తెలుస్తోంది. ఎడం చెయ్యి కూడా లేచింది. ఆపలేకపోయాను. లేచినదాన్ని లేవనిచ్చాను.

"ఈ మాట," అన్నాను, కారిడార్ చివరిదాకా వినబడేలా, "నాకు తెలియదు!"

పక్క గదిలో నర్సింగ్ క్లాసు ఆగిపోయింది. నిఘంటువు ఉలిక్కిపడి ఫోన్ కింద పడేసుకుంది.

వెనక బెంచీలోంచి మా ఆవిడ, "వినబడిందిలెండి. తర్వాత చదవండి" అంది.